గది ఎక్కడి దాకా?

మా వీధిలో ఆమెను అందరూ రిపేరక్క అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఇంట్లో కూడా లేరు. అన్నయ్య "చెల్లీ" అంటాడు, వదిన "ఏమ్మా" అంటుంది. వీధివైపు పెద్ద కిటికీ ఉన్న గదిలో, బల్ల ముందు కూర్చుని ఇస్త్రీపెట్టెలు, టేబుల్ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తుంది. కిటికీలోంచి వస్తువు లోపలికి వెళ్తుంది, చీవాట్లు బయటికి వస్తాయి. "వైరు పట్టుకుని లాగావా? నీ చెయ్యి పట్టుకుని ఎవరైనా అలా లాగితే ఊరుకుంటావా?" అంటుంది. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ వస్తారు. ఆమె చేతిలో పడ్డ వస్తువు అంత తేలిగ్గా మళ్ళీ మొరాయించదు మరి.

చదువైపోయిన కొత్తలో బస్సు ప్రమాదంలో ఆమెకు నడుము నుంచి కిందికి చచ్చుబడింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. ఆ సంగతి ఆమె ఎక్కువగా ఎత్తదు. ఎవరైనా జాలిగా నాలుక చప్పరిస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. అంతకన్నా ఎక్కువ మండేది ఇంకోటుంది: తన ఎదురుగా నిలబడి, తన తల మీదుగా, కుర్చీ తోసేవాళ్ళతో మాట్లాడటం. "ఈవిడ కాఫీ తాగుతారా?" అని వదినను అడుగుతారు చుట్టాలు. "కాళ్ళు పోతే చెవులు కూడా పోతాయని ఏ డాక్టరు చెప్పాడు వీళ్ళకి?" అని ఆ పూటంతా సణుగుతుంది.

ఆ గదే ఆమెకు పడకగది, పనిగది. నేల పాత గచ్చు. ఎక్కడికక్కడ పెచ్చులు లేచిపోయి, బీటలు పడి ఉండేది. చేతిలోంచి జారిన స్క్రూ ఏ బీటలోకి దూరిందో తెలిసేది కాదు. చక్రాలు పెచ్చుల మీద ఎగిరెగిరి పడేవి. అయినా గదిలో ఎలాగో తిరిగేది. అసలు బాధ గుమ్మం దగ్గర. ఆ గదికి ఉన్నది ఒక్కటే తలుపు. అది దాటితే నడవ. నడవలో ఒక పక్కకి వెళ్తే వీధి తలుపు, ఇంకో పక్కకి వెళ్తే బాత్రూం. గుమ్మానికి కింద రెండు వేళ్ళ ఎత్తున చెక్క గడప ఉంది. దానికి అవతల నడవ ఇంకాస్త పల్లం, పైగా ఎగుడుదిగుడు బండలు. కాళ్ళున్నవాళ్ళకి అక్కడ ఒక గడప ఉందని గుర్తు కూడా ఉండదు. ఆమెకు మాత్రం రోజూ పొద్దున్నే, ఇంకా మొహం కూడా కడగకుండా, "వదినా, కాస్త తోస్తావా?" అని ఒకరిని పిలవాల్సి వచ్చేది. నలభై ఏళ్ళు దాటిన మనిషి బాత్రూంకి వెళ్ళాలంటే కేకేసి చెప్పాలి. ఇల్లంతా వింటుంది. పక్కింట్లో ఉన్న మాకూ వినబడేది.

అందుకే తన సంపాదనలోంచి కూడబెట్టి నేల మార్పిద్దామనుకుంది. "మెరిసేవి వద్దు, చక్రం జారుతుంది. కాస్త గరుకుగా ఉండే టైల్స్ వేయిద్దాం" అంది. అన్నయ్య సరేనన్నాడు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ చదివినవాళ్ళంతా ఆయన మీద విరుచుకుపడతారు. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. లెక్కంటే ఆయనకు మహా మోజు. చెల్లెలు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఆ మంచం పక్కన నేల మీదే పడుకున్నాడట. కానీ ఆనాటి నుంచి ఆయన మనసులో ఆమె ఆ ఆస్పత్రి మంచం మీదే ఉండిపోయింది. తాను చూసుకోవాల్సిన మనిషే తప్ప, తనతో వాదించే మనిషి కాదు.

ఒక సెలవురోజు టైల్స్ మేస్త్రీ కొలతలకు వచ్చాడు. నేను ఇస్త్రీపెట్టె కోసం వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను కాబట్టి అంతా కళ్ళారా చూశాను.

మేస్త్రీ లోపలికి వస్తూనే కుర్చీ వెనక్కి వెళ్ళి, చడీచప్పుడూ లేకుండా దాన్ని పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె చేతిలో ఫ్యాను మోటారు ఉంది. అది ఒళ్ళో పడింది.

"ఏయ్! ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"అడ్డంగా ఉందమ్మా, కొలవాలి కదా" అని గడప దాటించి, నడవలో గోడకి ఎదురుగా కుర్చీ నిలబెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. బీరువా ఉంటే బీరువా జరుపుతాడు, మనిషి ఉంటే మనిషిని జరిపాడు. అన్నయ్యకి అందులో తప్పు కనబడలేదు. టేపు ఒక కొస మేస్త్రీకి ఇచ్చి, రెండో కొస తాను పట్టుకున్నాడు.

పొడవు కొలిచారు. వెడల్పు గుమ్మం వైపు కొలుద్దామంటే అక్కడ పనిబల్ల, దాని మీద విప్పిన మిక్సీలు, కింద డబ్బాలు ఉన్నాయి. "ఇవన్నీ ఎవరు తీస్తారు? ఆ చివర కొలిస్తే సరిపోతుంది. గది గదే కదా" అన్నాడు అన్నయ్య. ఎదుటి గోడ దగ్గర కొలిచి రాసుకున్నాడు. తర్వాత తీసివేతలు మొదలుపెట్టాడు.

"మంచం కింద ఎందుకయ్యా? ఎవరు చూస్తారు? అది తీసెయ్. బీరువా కింద కూడా తీసెయ్."

మేస్త్రీ నసిగాడు. "అలా తీసేస్తే కుదరదు సార్. పైగా కటింగులో ముక్కలు పోతాయి. కోసిన ముక్క అన్నిచోట్లా అతకదు. పదికి ఒకటి చొప్పున ఎక్కువ తీసుకోండి."

"మీ మేస్త్రీలంతా ఒకటే పాట. ఎక్కువ తీసుకోమంటారు, మిగిలినవి ఇంకో ఇంట్లో అంటిస్తారు."

గోడకేసి చూస్తూ కూర్చున్న రిపేరక్క నడవలోంచి గొంతెత్తింది. "అన్నయ్యా, గుమ్మం దగ్గర ఆపకు. గడప తీయించి, బాత్రూం తలుపు దాకా కొలువు."

"అది గది కాదు కదమ్మా" అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ నవ్వారు.

"నేనిప్పుడు గదిలో ఉన్నానా, నడవలో ఉన్నానా? నన్ను తెచ్చి పడేసింది ఎక్కడ?"

"తర్వాత చూద్దాంలే చెల్లీ" అన్నాడు అన్నయ్య. ఆ "తర్వాత చూద్దాంలే" అనే మాటను ఆయన ఎన్నేళ్ళుగా వాడుతున్నాడో గానీ బాగా అరిగిపోయింది. కొలవడం అయ్యాక ఆమెను మళ్ళీ లోపలికి తోసి, మేస్త్రీ వెళ్ళిపోయాడు. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నా ఇస్త్రీపెట్టె నా చేతిలో పెట్టింది. ఆ వేళ నన్ను ఒక్క మాటా తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

టైల్స్ షాపుకి తానూ వస్తానని పట్టుబట్టింది. అన్నయ్య "నీకెందుకు శ్రమ" అన్నాడు. "కాళ్ళ కింద నేల నాది, కళ్ళు నావి, రంగు నువ్వు చూస్తావా?" అంది. ఆటోలో వెళ్ళారు. షాపు ముందు మెట్లున్నాయి. వాటి పక్కన మోటారు బళ్ళు ఎక్కించడానికి వాలుగా ఒక ఇనుప రేకు ఉండాల్సింది, అదీ లేదు. అన్నయ్య లోపలికి వెళ్ళి షాపాయన్ని బయటికి తీసుకొచ్చాడు. ఆయన మెట్ల మీద నిలబడి, కింద రోడ్డు పక్కన కుర్చీలో ఉన్న ఆమెను ఒకసారి చూసి, అన్నయ్య వైపు తిరిగాడు.

"ఆవిడకి ఏ రంగు ఇష్టం సార్?"

"ఆవిడకి నోరుంది, అడగండి" అంది రిపేరక్క.

షాపాయన నొచ్చుకున్నట్టు నవ్వి, నమూనా టైల్స్ రెండు మూడు కిందికి పంపించాడు. ఆమె వాటిని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో రాసి చూసింది. ఇసుక రంగుది ఎంచుకుంది. ఒక పెట్టెలో ఎన్ని వస్తాయి, ఎంత నేలకు సరిపోతాయి, మిగిలితే వెనక్కి తీసుకుంటారా అని అడిగింది. విప్పని పెట్టెలైతే తీసుకుంటాం అన్నాడాయన, మళ్ళీ అన్నయ్య మొహం చూసే.

"అయితే ఇంక భయం దేనికి? రెండు పెట్టెలు ఎక్కువే రాయండి" అంది. "నడవకి కూడా కావాలి."

అన్నయ్య షాపాయన భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి, అయినా ఆమెకు వినబడేలాగే అన్నాడు: "దాని మాట పట్టించుకోకండి. నేను చెప్పిన లెక్కే రాయండి."

ఆ రోజుల గురించి తర్వాత నాతో చెప్పినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ మండిపడింది ఈ మాట మీదే. "నా సంపాదన, నా గది, నా చక్రాలు. రోడ్డు మీద నిలబెట్టి, పరాయివాడి ముందు, 'దాని మాట' అన్నాడు. చంటిపిల్ల బొమ్మ కావాలని ఏడుస్తుంటే చెప్పినట్టు చెప్పాడు. ఆ షాపువాడు కూడా తలూపాడు చూడు! ఆ తలూపినవాడి మీద ఇంకా ఎక్కువ కోపం నాకు."

పని జరిగిన రోజులన్నీ పగలు మా ఇంట్లో గడిపింది. తెల్లారి వదిన తోసుకొచ్చి దింపేది. వదిన ఒక రెడీమేడ్ బట్టల షాపులో బిల్లింగు చూస్తుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడే ఉద్యోగం. నడుంనొప్పి మనిషి. ఎన్నడూ గట్టిగా మాట్లాడగా మేం వినలేదు.

చివరిరోజు సాయంత్రం ఆమె ఇంటికి తిరిగొచ్చి నడవలో ఉండగా, మేస్త్రీ తల గోక్కుంటూ వచ్చి అన్నయ్యతో చెప్పాడు. "సార్, టైల్స్ అయిపోయాయి. గుమ్మం దగ్గర ఒక పట్టీ మిగిలిపోయింది."

ఎందుకు మిగిలిందో చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ గది చదరం కాదు. ఎదుటి గోడ దగ్గర ఇరుకు, గుమ్మం వైపుకి వచ్చేకొద్దీ వెడల్పు. ఇరుకైన చోట కొలిచిన కొలతను గదంతటికీ రుద్దాడు అన్నయ్య. మంచం కింద తీసేద్దామన్నాడు కానీ తీసేస్తే మంచం కోళ్ళు రెండు పైనా రెండు కిందా ఉంటాయని మేస్త్రీ అక్కడా పరిచేశాడు. కటింగులో పోయినవి పోగా, తక్కువ పడ్డదంతా వచ్చి గుమ్మం దగ్గర తేలింది. వీధి కిటికీలోంచి చూస్తే కనబడే వైపంతా నున్నగా, అందంగా వచ్చింది. ఆమె రోజూ దాటాల్సిన చోట మాత్రం పాత గచ్చు బోసిగా ఉంది. కొత్త నేల ఒక అంగుళం పైకి లేచింది కాబట్టి, ఆ పట్టీ ఇప్పుడు గుంటలా తయారైంది. దాని వెంటనే గడప. ఇదివరకు ఒక్క అడ్డు ఉంటే ఇప్పుడు రెండయ్యాయి.

అన్నయ్య మేస్త్రీ మీద కేకలేశాడు. "నువ్వు పగలగొట్టి ఉంటావు!" మేస్త్రీ ఊరుకుంటాడా? "నేను మొదటే చెప్పలేదా సార్? కావాలంటే ముక్కలు లెక్కపెట్టుకోండి!" అని గోనెసంచిలో ఉన్న ముక్కలన్నీ నడవలో కుమ్మరించాడు. ఇద్దరూ ఆమె తల మీదుగానే అరుచుకున్నారు. ఆ తగువులో ఒక్కరికీ ఆమెను అడగాలనిపించలేదు. చివరికి ఇద్దరూ కలిసి కుర్చీని ఎత్తి, ఆ గుంట దాటించి, కొత్త నేల మీద దింపి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

అన్నయ్య షాపుకి ఫోన్ చేస్తే, ఆ రంగు సరుకు అయిపోయింది, మళ్ళీ వచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది, అప్పుడు కూడా ఛాయ కాస్త తేడా ఉండొచ్చు అన్నారు.

"ఏం చేస్తాం చెల్లీ, అప్పటిదాకా కాస్త సర్దుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున అందరూ పనులకు వెళ్ళాక, ఆమె ఒక్కతే బయటికి రావాలని చూసింది. ముందు చక్రాలు గుంటలోకి దిగాయి. కుర్చీ ముందుకు ఒరిగింది. గుమ్మం చట్రం పట్టుకుని ఆగింది కాబట్టి బతికిపోయింది, లేకపోతే మొహం గడపకి కొట్టుకునేది. వెనక్కి రాలేదు, ముందుకు పోలేదు. అలా ఒరిగిన కుర్చీలో, చట్రం పట్టుకుని, గొంతు చించుకుని అరిచింది. ఆ వేళ మేం ఇంట్లో లేం. వీధిలో పోయేవాళ్ళకి అది రిపేరక్క ఎవరినో తిడుతున్నట్టే అనిపించింది. రోజూ వినే గొంతే కదా.

ఫోను బల్ల మీద ఉండిపోయింది. వదిన పని ముగించుకుని వచ్చేదాకా ఆమె అలాగే ఉంది. చేతులు తిమ్మిరెక్కిపోయాయి. బట్టలు తడిసిపోయాయి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. "రాయి, అందరికీ తెలియాలి" అని ఆమే అంది.

వదిన కుర్చీని ఎత్తి బయటికి తెచ్చింది. స్నానం చేయించింది. తల తుడిచింది. తర్వాత భర్తకు ఫోన్ చేసి, "ఇంటికి రండి" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఆయన కంగారుపడి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి మేం తిరిగొచ్చాం కాబట్టి, ఆ తర్వాత జరిగింది మా ఇంట్లోకి అక్షరం పొల్లుపోకుండా వినబడింది. వదిన గొంతు అంత పెద్దదని ఆ వేళే తెలిసింది.

"ఆ గుంటలో మీ చెల్లెలు పొద్దున్నుంచీ వేలాడుతూ ఉంది. తెలుసా మీకు?"

"అయ్యో! ఎవరినైనా పిలవాల్సింది..."

"ఎవర్ని పిలుస్తుంది? పిలవక్కర్లేకుండా ఉండాలనే కదా నేల వేయించుకుంది! గుమ్మం దాటి కొలవమని అప్పుడే చెప్పింది కదా. విన్నారా?"

"అది గది వరకే అనుకున్నాం..."

"మీ గది గుమ్మం దగ్గర ఆగుతుంది. ఆమె గది బాత్రూం దాకా ఉంది. నాకు తెలుసు. ఎందుకంటే ఆ గడప మీంచి ఇన్నేళ్ళూ కుర్చీ ఎత్తింది నేను! మీరు కాదు. నా నడుం ఎందుకు పోయిందనుకున్నారు, బిల్లులు కొట్టా? కొలిచిన రోజు నన్ను అడిగారా? ఆమెను అడిగారా? గోడకేసి కూర్చోబెట్టి కొలిచారట!"

"సరే, ఆ రంగు టైల్స్ రాగానే..."

అప్పుడు రిపేరక్క అందుకుంది. "రంగు ఎవడిక్కావాలి? నల్లవి వెయ్యి, ఎర్రవి వెయ్యి. నాకు కావాల్సింది దారి. రేపే వెయ్యి. ఆ గడప పీకించు."

"గడప తీసేస్తే తలుపు కింద సందు వస్తుంది చెల్లీ. ఎలుకలొస్తాయి."

"ఎలుక లోపలికి రాకూడదని మనిషిని బయటికి పోనివ్వవా? ఇంట్లో దానికి ఉన్న లెక్క కూడా నాకు లేదా?"

ఆయన మెల్లగా, "నేను చేసింది నీకోసమే కదమ్మా" అన్నాడు.

"నాకోసం చేశావు. నన్ను అడగలేదు. షాపువాడి ముందు 'దాని మాట' అన్నావు. అది మర్చిపోవడం నావల్ల కాదు. నువ్వు నాకు అన్నం పెట్టావు, ఆస్పత్రిలో నా పక్కన పడుకున్నావు. అవేవీ మర్చిపోలేదు. ఇదీ మర్చిపోను."

ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎవరూ టీవీ పెట్టలేదు.

మర్నాడు కొలతలు వదినా ఆడపడుచూ తీశారు. పనిబల్ల కింద డబ్బాలన్నీ వదిన మా ఇంటికి చేరవేసింది. టేపు ఒక కొస కుర్చీ చక్రం కింద పెట్టి నొక్కి ఉంచింది రిపేరక్క. రెండో కొస పట్టుకుని వదిన నడవంతా నడిచింది, బాత్రూం తలుపు దాకా. నడవ వెడల్పు రెండుచోట్ల కొలిచారు. ఆ రెండూ కలవలేదు. "చూశావా, ఈ ఇంట్లో ఏ గోడా తిన్నగా లేదు. మీ అన్నయ్య లెక్కలాగే ఉంది" అంది వదిన. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. పెద్ద కొలతనే పట్టుకుని, కటింగుకి కొంత కలిపి, "విరిగితే విరగనీ" అని ఇంకో పెట్టె కూడా కలిపారు.

ఈసారి కూడా అన్నాచెల్లెళ్ళిద్దరూ అదే షాపుకి వెళ్ళారు. ఆమే అక్కడికే వెళ్ళాలంది. మెట్లు అలాగే ఉన్నాయి. షాపాయన మెట్ల మీదికి వచ్చి, అలవాటు ప్రకారం అన్నయ్యతో, "ఏం సార్, ఆవిడకి మళ్ళీ ఏం కావాలట?" అన్నాడు.

అన్నయ్య రోడ్డు వైపు చూస్తూ, "నన్ను అడక్కండి. కొనేది ఆమె. కిందికి దిగి ఆమెనే అడగండి. మొన్న నేను తప్పు లెక్క రాయించాను. ఆమె చెప్పిందే సరైంది" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయట ఆయనకి. షాపాయన దిగాడు. "మీరు నిలబడితే నాకు మెడ నొప్పి, కూర్చోండి" అంది రిపేరక్క. ఆయన ఒక స్టూలు తెప్పించుకుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా, రోడ్డు పక్కన ఆమెకు ఎదురుగా కూర్చుని లెక్క రాసుకున్నాడు. ముదురు బూడిదరంగు టైల్స్ ఉన్నాయి, అదే మందం, అదే గరుకు. అవే తీసుకుంది. లేవబోతున్న ఆయన్ని ఆపి, "ఈ మెట్ల పక్కన వాలుగా కట్టించుకోవడానికి మీకు ఎన్ని టైల్స్ పడతాయి? సొంత షాపే కదా, కొలిచి చూసుకోండి" అంది. ఆయన నవ్వేసి లోపలికి వెళ్ళాడు. ఇంకా కట్టించలేదు. ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ ఆటో ఆపించి మరీ అడుగుతుంది.

మేస్త్రీ గడప పీకాడు. నడవ పల్లం పూడ్చి, గుంటలోనూ గుమ్మంలోనూ నడవలోనూ ఒకే ఎత్తున బూడిదరంగు నేల పరిచాడు. బాత్రూం దగ్గర వాలు కట్టమంటే మొదట నిటారుగా కట్టాడు. ఆమె ఎక్కి చూసి, వెనక్కి జారి, "ఇది వాలా, జారుడుబల్లా? పగలగొట్టు" అంది. మేస్త్రీ మొహం మాడ్చుకుని పగలగొట్టి, మళ్ళీ పొడుగ్గా కట్టాడు. వడ్రంగి వచ్చి తలుపు అడుగున చిత్రిక పట్టి, సందుకి రబ్బరు పట్టీ కొట్టాడు. ఎలుకలు రాలేదు. టైల్స్ ఒక పెట్టె విప్పకుండానే మిగిలింది. షాపుకి తిప్పి పంపుదామని అన్నయ్య అనలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే నడవలో చక్రాల చప్పుడు వినబడి అన్నయ్య అలవాటు కొద్దీ మంచం మీంచి లేచాడట. తలుపు దగ్గరికి వచ్చేసరికి బాత్రూం తలుపు మూసుకోవడం వినబడింది. చేసేదేమీ లేక అక్కడే కాసేపు నిలబడి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడని వదిన చెప్పింది. మాకు మాత్రం ఆ పొద్దున ఏమీ వినబడలేదు.

ఇంటికొచ్చిన చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు, "గది ఒక రంగూ గుమ్మం ఒక రంగూ ఏమిటి? చూడ్డానికి బాగాలేదే" అని. అలా అన్నవాళ్ళకి రిపేరక్క కథంతా మొదట్నుంచీ చెబుతుంది, గుక్క తిప్పుకోకుండా, అన్నయ్య పక్కనే కూర్చుని ఉన్నా సరే. ఆయన పేపరు వెనక తల దాచుకుంటాడు. ఆమెలో కోపం తగ్గిందని నేను అనుకోను. తగ్గాలని కూడా నాకు అనిపించదు.

కొన్నాళ్ళకి వదిన తన అక్క ఇంటికి వెళ్ళింది. పెళ్ళయ్యాక ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి ఉండని మనిషి. పొద్దున్నే ఎవరు ఎత్తుతారన్న బెంగతోనే ఎక్కడికీ వెళ్ళేది కాదట. ఇప్పుడు బట్టలు సర్దుకుని, ఇద్దరికీ చేతులూపి, బస్సెక్కేసింది. సాయంత్రం నేను అక్కడే ఉండగా ఫోను చేసింది.

"అంతా బాగానే ఉందా ఏమ్మా?"

"ఏం బాగు!" అని రిపేరక్క ఇంతెత్తున లేచింది. "కాఫీ పెట్టుకుందామని వంటింటికి వెళ్తే అక్కడ ఇంకో గడప! మనం మాత్రం ఏం కొలిచాం వదినా? బాత్రూం దగ్గరే ఆపేశాం. వంటిల్లు నాది కాదా? ఇన్నేళ్ళలో నేను అటు వెళ్ళాలని నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు, సిగ్గుచేటు!"

అవతల వదిన ఏమందో నాకు వినబడలేదు. ఇవతల అన్నయ్య అప్పటికే టేపు తీసుకుని వంటింటి గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మిగిలిన పెట్టె పక్కనే ఉంది. ఒక కొస గోడకి ఆనించి, తల తిప్పి, "ఎక్కడి దాకా కొలవమంటావు చెల్లీ?" అని అడిగాడు.

రిపేరక్క ఫోను చెవి దగ్గర్నుంచి తీసి అటు చూసింది. "ముందు ఆ టేపు తిన్నగా పట్టుకో, వంకరగా ఉంది" అంది.